రిడో తీరాన ఎన్నికల వేళ

2025 మార్చి నెల చివరి వారంలో నేను కెనడాలోని ఒట్టావా నగరంలో దిగేనాటికి, ఆ సీమలో శీతకాలానికీ వసంతానికీ నడుమ, ఏ ఋతువుకూ చెందని కొన్ని దినాలు నడుస్తున్నవి. ఇళ్ళ ముంగిళ్ళలో మంచు మురికిపట్టిన దిబ్బలుగా కరుగుతున్నది. పచ్చిక ఇంకా తల ఎత్తలేదు. మేపుల్ చెట్లు ఆకు తొడగక వట్టి కొమ్మలతో నిలిచి ఉన్నవి. చలికి వెరచి దక్షిణానికి వలసపోయిన పెద్దబాతులు మాత్రం బారులు తీరి, గొంతెత్తి ఒకదానినొకటి పిలుచుకొంటూ, తిరిగి ఉత్తరదిశకు సాగివస్తున్నవి. అట్టి నేలలో గడ్డికంటె ముందుగా మొలచినవి ఎన్నికల పలకలు. ఎర్రనివి లిబరల్ పార్టీవి, నీలివి కన్సర్వేటివ్ పార్టీవి, ఎక్కడో ఒకటిగా నారింజరంగువి న్యూ డెమోక్రటిక్ పార్టీవి. సన్నని ఇనుపతీగల కాళ్ళమీద మోకాలెత్తున నిలిచి, నదిమీదుగా వచ్చే చలిగాలికి వణుకుతూ, ఈ ఇంటివారు ఇదిగో ఈ పక్షమని ఆ పలకలు దారినపోయేవారికి చెప్పుతున్నవి. గోడ మీద రాత ఒక్కటి లేదు, తోరణం లేదు, మైకు లేదు. ఒక దేశపు భవిష్యత్తును నిర్ణయించే పోరాటం ఇంత నిశ్శబ్దంగా సాగగలదని అంతకుముందు నేను ఊహించి ఉండలేదు.

మా అమ్మాయీ అల్లుడూ కాపురమున్నది నగరానికి దక్షిణాన, రిడో నదికి పడమటి ఒడ్డున విస్తరించిన బార్‌హేవెన్ అనే పేటలో. వారిద్దరూ ఆ దేశపు పౌరసత్వం పుచ్చుకొని ఓటుహక్కు పొందినవారు. నేను చుట్టపుచూపుగా వచ్చినవాడిని. కాని ఎన్నికలనే మాట చెవిని పడితే ఇంట కూర్చోలేని గుణం నాకు మా నాన్నగారి నుండి సంక్రమించినది. "మామయ్యగారూ, ఇక్కడ ఊరేగింపులూ సభలూ మన దేశంలోలాగా ఉండవండీ. మీకు చూడడానికేమీ కనిపించదేమో" అన్నాడు అల్లుడు. కనిపించనిదాన్నే చూడాలని ఉన్నదని చెప్పి, మరునాటినుండే నేను వీధుల వెంట తిరగసాగాను.

నియోజకవర్గాన్ని అక్కడివారు రైడింగ్ అంటారు. గుర్రపుస్వారీకీ ఆ మాటకూ ఏ సంబంధమూ లేదు. పూర్వం ఇంగ్లండులో యార్క్‌షైర్ సీమను మూడు పాళ్ళుగా పంచుకొన్న కాలంలో, 'మూడవ పాలు' అనే అర్థంలో పుట్టిన ఉత్తరదేశపు మాట ఒకటి నోళ్ళలో అరిగి ఈ రూపం ధరించి, సముద్రం దాటి ఇక్కడ స్థిరపడినది. ఆ సంవత్సరం దేశంలో అట్టివి 343. మా అమ్మాయి ఇల్లు నెపియన్ అనే నియోజకవర్గంలోనిది. అంతవరకు అక్కడి సభ్యుడు కర్ణాటక నుండి వెళ్ళిన చంద్ర ఆర్య; 2022లో పార్లమెంటులో కన్నడంలో మాట్లాడి మన దక్షిణాది వారందరినీ సంతోషపెట్టిన మనిషి. ఈసారి ఆయన పార్టీ అయిన లిబరల్ పార్టీ ఆయనకు అభ్యర్థిత్వం నిరాకరించింది. తరువాత ఆ స్థానం నుండి పార్టీ కొత్త నాయకుడే, ప్రధాని మార్క్ కార్నీయే నిలబడ్డాడు. దానికి పొరుగున ఉన్న కార్ల్‌టన్ నియోజకవర్గం ప్రతిపక్షమైన కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు పియెర్ పొలియెవ్‌ది. 2004 మొదలుకొని వరుసగా ఏడు ఎన్నికలలో గెలిచి వచ్చినవాడు ఆయన. ప్రధానిపదవికి పోటీపడే ఇద్దరు నాయకులు ఇరుగుపొరుగు నియోజకవర్గాలలో నిలిచిన ఆ వేళకు నేను ఆ రెండింటి సరిహద్దులో అతిథిగా ఉండడం నా యాత్రాభాగ్యమనే చెప్పాలి.

ఒకనాడు పార్లమెంటు గుట్టను చూచి వచ్చాను. ఒట్టావా నదిమీదికి తొంగిచూచే ఆ కొండగట్టుపై 1916 నాటి అగ్నిప్రమాదం తరువాత తిరిగి కట్టిన నడిమి భవనం, దాని శిరస్సున 1927లో పూర్తి అయిన శాంతిగోపురం, రెండూ ఇప్పుడు జీర్ణోద్ధరణ కోసం కంచెల వెనుక ఉన్నవి. 2019 నుండి దిగువసభ పడమటి భవనపు ముంగిలికి గాజు కప్పు వేసి, దాని కింద కూర్చుంటున్నది. నేను వెళ్ళేనాటికి ఆ సభ కూడ లేదు. మార్చి 23న రద్దయినది. జనవరి 6న అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో రాజీనామా సంకల్పం ప్రకటించేనాటికి కన్సర్వేటివ్ పార్టీ అభిప్రాయసేకరణలలో నూటికి ఇరవై పాళ్ళకు పైబడిన ఆధిక్యంతో, అధికారానికి అడుగు దూరంలో ఉన్నది. అటుపై అమెరికా అధ్యక్షుడు కెనడా సరుకులపై సుంకాలు విధించి, ఆ దేశాన్ని తమ యాభైయొకటవ రాష్ట్రం కమ్మని పదేపదే పలుకడంతో జనుల మనస్సులో ప్రశ్నయే మారిపోయినది. అంతవరకు తొమ్మిదేళ్ళ పాలనకు శిక్ష ఏమిటని అడిగినవారు, ఈ గండం నుండి దేశాన్ని గట్టెక్కించేది ఎవరని అడుగసాగారు. ఏకాలమందైనా ఎన్నికలో గెలుపు సగం ప్రశ్నలోనే ఉంటుంది. ప్రశ్నను ఎవరు నిర్ణయిస్తారో జవాబు వారి వైపుకే ఒరుగుతుంది.

మా అమ్మాయి ఇంటికి రెండిళ్ళ అవతల ఉన్న ఒక వృద్ధురాలు, ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫైయేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకొన్న ఆమె, లిబరల్ పార్టీ కార్యకర్త. నా కుతూహలం విని, ఒక శనివారం నన్ను తనతో కార్ల్‌టన్‌లోని స్టిట్స్‌విల్‌కు తీసుకొనిపోయినది. అక్కడ పొలియెవ్‌కు ఎదురుగా నిలిచిన బ్రూస్ ఫాంజోయ్ అనే అభ్యర్థి ఎవరూ ఆశలు పెట్టుకొనని కాలం నుండి, అంటే ఇంచుమించు రెండేళ్ళ నుండి, ఇంటింటి తలుపూ తట్టుతున్నాడని చెప్పినది. కార్యకర్తలు ఇద్దరిద్దరు చొప్పున ఒక్కొక్క వీధిని పంచుకొంటారు. చేతిలోని ఫోనులో ఓటర్ల జాబితా ఉంటుంది. తలుపు తట్టి, పేరు చెప్పి, ఫలానా అభ్యర్థి తరఫున వచ్చామని, మీ మద్దతు మాకు ఉంటుందా అని అడుగుతారు. ఉంటుందంటే ముంగిట పలక పాతుకోవచ్చునా అని అడిగి, జాబితాలో గుర్తు పెట్టుకొంటారు. సందిగ్ధమంటే కరపత్రం ఇచ్చి, ఏ విషయం గురించి ఆలోచిస్తున్నారో విని రాసుకొంటారు. లేదంటే ధన్యవాదాలు చెప్పి మెట్లు దిగుతారు. వాదన పెట్టుకోవద్దని కార్యకర్తలకు ముందే చెప్పుతారట. వాదనతో మారే మనస్సులు తక్కువ. పోలింగు నాడు మనవారిని మరచిపోకుండ రప్పించడంలోనే పనంతా ఉన్నదని ఆమె చెప్పినప్పుడు, మా ఊళ్ళో పెద్దలు ఓటర్ల చీటీలు పట్టుకొని మధ్యాహ్నం తరువాత ఇంకా ఎవరెవరు రాలేదని లెక్కలు చూచుకొనే దృశ్యం కళ్ళకు కట్టినది.

ఆ రోజు మేము అరవైకి పైగా గడపలు ఎక్కాము. ఒక ఇంట తలుపు తీసిన నడివయస్సువాడు, తాను నీలిపార్టీకే వేస్తానని, తన తండ్రీ అట్లే వేశాడని, కాని ఈ చలిలో ఇంత దూరం నడిచి వచ్చినందుకు సంతోషమని చెప్పి, లోపలికి పోయి మాకిద్దరికీ వేడి కాఫీ తెచ్చి ఇచ్చాడు. మెట్లమీద నిలబడి ఆ కాఫీ తాగుతూ మా పొరుగింటామె అతని పేరు ఎదుట ప్రతికూలమని గుర్తు పెట్టుకొన్నది. అతడు అది చూచి చిరునవ్వు నవ్వాడు. పక్షాభిమానం పగగా మారకుండ ఉండుటకు వారు కనిపెట్టిన ఉపాయం ఆ గడపయే కావచ్చునని నాకు తోచినది. వేదికమీది మనిషికి ఎదుటివాడు జనసమూహంగా కనిపిస్తాడు; గడపలో నిలిచినవానికి చెప్పులు విప్పుకొన్న కాళ్ళతో, చంకన బిడ్డతో, పొయ్యిమీద కూరతో కనిపిస్తాడు. అట్టి మనిషిని ద్వేషించుట కష్టం.

ఈ పద్ధతిని కాపాడుటకు వారి చట్టాలలో కొన్ని నియమాలున్నవి. అద్దె భవనాలలోనికి అభ్యర్థులు ఉదయం తొమ్మిదినుండి రాత్రి తొమ్మిదివరకు ప్రచారానికి వెళ్ళుటను యజమానులు అడ్డగింపరాదు; అద్దెకున్నవాడు తన వాటాలో పలక పెట్టుకొంటే వద్దనుటకు వీలులేదు. కంపెనీలు గాని కార్మికసంఘాలు గాని పార్టీలకు ఒక్క డాలరు విరాళమీయరాదు; వ్యక్తులు ఈయవచ్చును, అదీ ఆ సంవత్సరానికి ఒక్కొక్క పార్టీకి 1,750 డాలర్లకు మించకుండ. ఎన్నికకు ధనప్రవాహం ఎట్టిదో తెలిసిన దేశం నుండి వెళ్ళిన నాకు ఈ నియమాల ఎదుట కొంతసేపు మాట రాలేదు. డబ్బు తక్కువైన చోటనే కాళ్ళకు పని దొరుకుతుంది.

వారం తరువాత, నా అల్లుని సహోద్యోగి తండ్రి అయిన ఒక రైతును చూడడానికి కార్ల్‌టన్ నియోజకవర్గంలోని రిచ్‌మండ్ వైపు వెళ్ళాము. అది పల్లెపట్టు. నాలుగు బాటలు కలిసే చోట్లనెల్లా నిలువెత్తు నీలిపలకలు, మంచునీటితో నిండిన చాళ్ళకు ఎదురుగా, దూరపు గట్లవరకు కనిపిస్తున్నవి. ఆయన స్వయంగా సుత్తి పట్టి ఇరవై పలకలు పాతినవాడు. తన అభిమానాన్ని ఆయన దాచలేదు, మెత్తపరచలేదు. పట్నంలో ఉద్యోగం చేసే తన మనుమడు ఎంత సంపాదించినా ఇల్లు కొనుక్కోలేకున్నాడనీ, ఇంధనంపై కర్బనపన్ను ఎత్తివేయాలని ఏళ్ళ తరబడి అడిగినది తమ నాయకుడేననీ, ఎన్నిక ముంచుకొని వచ్చేసరికి ఏప్రిల్ 1 నుండి దాన్ని ఎత్తివేసి కీర్తి కొట్టుకొనిపోయినది అవతలివారనీ చెప్పుతూ, విత్తనం మాది, కోత వారిది అనే అర్థం వచ్చే మాట అన్నాడు. ఇంకొక బాధ కూడ చెప్పినాడు. 2019లోను, 2021లోను దేశం మొత్తంమీద ఓట్లు ఎక్కువ వచ్చినది తమ పార్టీకే. కాని స్థానాలు ఎక్కువ వచ్చి రాజ్యమేలినది లిబరల్ పార్టీ. రెండుమార్లు ఎక్కువమంది చేత కోరబడి రెండుమార్లు ప్రతిపక్షంలో కూర్చోవలసి వచ్చిన వారి ఆవేదన న్యాయమైనది కాదని ఎవరనగలరు? బయలుదేరేముందు ఆయన గొంతు కొంచెం తగ్గించి, ఆ ఫాంజోయ్ మనుషులు ఈ రోడ్డుమీదికి ఇప్పటికి మూడుమార్లు వచ్చిపోయారని అన్నాడు. ఆ మాటలో శత్రువుపట్ల గౌరవంతోబాటు, ఏదో రాబోతున్నదనే శంక కూడ వినిపించినది.

స్టిట్స్‌విల్‌లో మేము తిరిగిన వీధిలోనే ఒక ముంగిట నారింజపలక ఒంటరిగా ఉండడం గమనించి, తరువాత ఒకనాడు నేను ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించిన మనిషి. సస్కాచివన్ రాష్ట్రంలో పుట్టినది. కెనడాలో వైద్యం ఇప్పుడు ప్రజలందరి హక్కు. ఆ హక్కు మొదట పుట్టినది 1962లో ఆ రాష్ట్రంలోనే. దానికి నారు పోసినవాడు టామీ డగ్లస్, 1961లో న్యూ డెమోక్రటిక్ పార్టీ ఏర్పడినప్పుడు దాని తొలి నాయకుడు. 1966లో దేశమంతటికీ వైద్యబీమా చట్టం తెచ్చినది లిబరల్ పార్టీ అల్పసంఖ్యాక ప్రభుత్వం. మొన్న 2022లో లిబరల్ ప్రభుత్వానికి మద్దతు ఇచ్చేందుకు ఈ చిన్నపార్టీ కుదుర్చుకొన్న ఒడంబడికలోనే పేదవారికి దంతవైద్యసహాయం వచ్చినది. ఒక్కనాడూ కేంద్రంలో అధికారం రుచిచూడని పార్టీ, అధికారంలో ఉన్నవారి చేత మంచిపనులు చేయించడమే వ్రతంగా అరవైయేళ్ళు గడిపినది. ఆమె ఆ చరిత్రను పుస్తకంలోని పాఠంగా కాక, తన ఇంటి ముచ్చటలాగా చెప్పినది. తన తల్లి ఒక కాన్పుకు అయిన బిల్లును రెండేళ్ళపాటు తీర్చిన సంగతి చెప్పినది.

ఈసారి మీ ఓటు ఎవరికి అని నేను అడగలేదు. పలక ఉండగా అడుగవలసిన పని ఏమున్నది? ఆమెయే చెప్పినది. జీవితంలో మొదటిమారు ఎర్రపార్టీకి వేస్తున్నానని, ఇక్కడ తమ పార్టీకి గెలిచే బలం లేదని, అమెరికా ఇంత దగ్గరగా వచ్చి నిలిచిన సమయంలో తన ఓటును వృథా చేసుకొనే ధైర్యం చాలడం లేదని. పలకను మాత్రం తీయబుద్ధి కాలేదట. ఆమె మాట్లాడుతున్నంతసేపూ కిటికీలోంచి ఆ పలకనే చూస్తున్నది. మనస్సు ఒక చోట, ఓటు ఒక చోట. ఈ ఎడబాటును ఒక్క పౌరురాలి బలహీనతగా నేను తలచను. ఓట్లను లెక్కించే విధానమే ఆమె హృదయాన్ని రెండుగా చీల్చినది. ప్రతి నియోజకవర్గంలోను ఎక్కువ ఓట్లు వచ్చినవాడొక్కడే సభకు పోతాడు. తక్కినవారికి పడిన ఓట్లన్నీ ఆ రాత్రితో గాలిలో కలిసిపోతవి. ఆ సంగతి ముందే తెలిసినవారు తమకు ఇష్టమైనవానికి గాక, తాము భయపడేవానిని ఆపగలవానికి వేస్తారు.

ఆ సాయంకాలం నది ఒడ్డున, మానోటిక్ గ్రామంలో 1860లో కట్టిన రాతి పిండిమర దగ్గర కూర్చున్నప్పుడు నాకు మా నాన్నగారు గుర్తు వచ్చారు. 1955 ఫిబ్రవరిలో, కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్రరాష్ట్రంలో శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు నాకు ఏడేళ్ళు. తెనాలికి దగ్గరి పల్లె మాది. నాన్నగారు కమ్యూనిస్టుల కంకి కొడవలి గుర్తుకు పనిచేసినవారు. సైకిలు ముందుకడ్డీమీద నన్ను కూర్చోబెట్టుకొని, కాలవగట్టు వెంట ఊరూరా తిరిగేవారు. కాడెద్దుల గుర్తుగల కాంగ్రెసువారి ఇళ్ళకు కూడ వెళ్ళేవారు. వాళ్ళకు చెప్పి ఏమి లాభమని ఎవరైనా అంటే, అడుగకపోవడం అవమానించడమే అవుతుంది గదా అనేవారు. లెక్కింపు ముగిసింది. రాష్ట్రంలో నూటికి ముప్ఫైయొక్కమంది కమ్యూనిస్టు పార్టీకి ఓటు వేశారు. 196 స్థానాలలో ఆ పార్టీకి వచ్చినవి 15. మూడవవంతుకు చేరువైన జనుల ఇష్టం, సభలో పదమూడవవంతుగా కుదించుకుపోయినది. నాన్నగారు ఆ రాత్రి అన్నం తినలేదు. మరునాడు పొద్దున మళ్ళీ సైకిలు తీసి, తాము తిరిగిన ఇళ్ళన్నింటికీ వెళ్ళి, వేసినవారికీ వేయనివారికీ దండం పెట్టి వచ్చారు. ఆ లెక్క ఎట్లా కుదిరిందో ఆయన బతికినంతకాలం నాకు చెప్పుతూనే ఉన్నారు గాని, దాని బరువు నాకు డెబ్బైయేళ్ళ తరువాత, భూగోళానికి ఆవలివైపున, ఒక నర్సు వదనంలో గోచరించినది.

ఏప్రిల్ నడిమిలో నాయకుల చర్చాగోష్ఠులు జరిగినవి. మాంట్రియల్ హాకీ జట్టు ఆట ఉన్నదని ఫ్రెంచి చర్చను రెండు గంటలు ముందుకు జరిపినప్పుడు, ప్రజల మనస్సు ఎరిగి నడుచుకొనుట అనగా ఇదేనని నాకు ముచ్చట వేసినది. ఈస్టరు సెలవులలో, 18 నుండి 21 వరకు జరిగిన ముందస్తు పోలింగులో 73 లక్షల మంది ఓటు వేశారు. ఆ దేశ చరిత్రలో అది అపూర్వం. నా అమ్మాయి నెపియన్‌లో ఓటు వేసి వచ్చినప్పుడు వేలిమీద సిరాచుక్క లేకపోవడం నాకు వెలితిగా తోచినది. అక్కడి ఓటుపత్రంమీద మనకులాగా గుర్తులు ఉండవు. అక్షరక్రమంలో అభ్యర్థుల పేర్లు, వాటికింద పార్టీ పేరు, పక్కన ఒక వలయం. దానిలో పెన్సిలుతో గీత గీస్తే సరి.

కాని కార్ల్‌టన్‌లో ఆ సరళత సాగలేదు. అక్కడి ఓటుపత్రంలో 91 పేర్లు! ఇంచుమించు మీటరు పొడవున, రెండు వరుసలుగా అచ్చువేసి, మడతలు మడిచి ఇస్తే, ఓటర్లు దాన్ని విప్పి తమ మనిషిని వెదుకుకొనవలసి వచ్చినది. ఆ పేర్లలో అధికభాగం గెలవాలని నిలబడినవారివి కావు. ఎన్నికల విధానాన్ని మార్చాలని కోరుతూ నిరసనగా నామినేషను వేసినవారివి. 2015లో ట్రూడో, ఇక మీదట ఈ పద్ధతిలో ఎన్నిక జరుగదని మాట ఇచ్చి, గెలిచి, 2017 ఫిబ్రవరిలో ఆ మాట వదులుకొన్నాడు. ఆ గాయమే పొడవై పొడవై మీటరు కాగితమైనది. మన దేశంలో 'డిపాజిట్టు దక్కలేదు' అనే మాట ఓటమికి పరాకాష్ఠ. అక్కడ 2017లో ఒక న్యాయస్థానం వేయి డాలర్ల డిపాజిట్టు నియమాన్ని కొట్టివేసిన తరువాత, నూరుమంది ఓటర్ల సంతకాలు ఉంటే ఎవరైనా నిలబడవచ్చును. నా రైతు మిత్రుడు దాన్ని తమ నాయకునిపై పన్నిన కుట్రగా భావించాడు. నర్సు, మరి ఏ దారి మిగిలినదని అడిగినది. ఇద్దరి మాటా విని నేను అనుకొన్నది ఇది: నిరసనకు కారణం న్యాయమైనదే, కాని దాని భారాన్ని మోసినది వృద్ధులైన ఓటర్ల కళ్ళూ, తెల్లవార్లూ లెక్కించిన సిబ్బంది చేతులూ. ఇచ్చిన మాట తప్పినవారిమీద ఆ బరువు పడలేదు.

పోలింగుకు రెండు దినాల ముందు, వాంకూవర్‌లో ఫిలిప్పీన్స్ ప్రజల వేడుకలోనికి ఒక వాహనం దూసుకొనిపోయి పదకొండుమంది మరణించారు. ప్రచారపు చివరి గంటలలో నాయకుల గొంతులు తగ్గినవి. ఒకరి మాటనొకరు ఖండించుకొన్న నాలుకలు ఒకే దుఃఖాన్ని పలికినవి.

ఏప్రిల్ 28 రాత్రి తొమ్మిదిన్నరకు మా వైపు పోలింగు ముగిసినది. అక్కడ యంత్రాలు లేవు. ప్రతి పోలింగు కేంద్రంలోను, అభ్యర్థుల ప్రతినిధుల ఎదుట, ఒక్కొక్క కాగితాన్ని విప్పి చూపి, చేతితో లెక్కించవలసినదే. లిబరల్ పార్టీ గెలిచినదని త్వరలోనే తెలిసినది. నెపియన్‌లో కార్నీ సులువుగా నెగ్గాడు. కార్ల్‌టన్ పెట్టెలలోని మీటరు కాగితాలు మాత్రం ఒక పట్టాన తెమలలేదు. అమ్మాయి నిద్రపోయినది, నేనూ అల్లుడూ కూర్చున్నాము. తెల్లవారుజామున, కిటికీ బయట బూడిదరంగు వెలుగు పరచుకొనే వేళకు, ఇరవైయేళ్ళుగా ఓటమి ఎరుగని ప్రతిపక్షనాయకుడు తన సొంత నియోజకవర్గంలో నాలుగువేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయినట్లు తేలినది. దేశమంతటా తన పార్టీకి ఓట్లూ స్థానాలూ పెంచిన నాయకుడు సొంతగడ్డను నిలుపుకొనలేకపోవుటకు కారణాలు పలువురు పలురీతుల చెప్పారు: ప్రభుత్వోద్యోగులు ఎక్కువగా నివసించే చోట ఉద్యోగాల కోత భయమనీ, 2022లో నగరాన్ని మూడు వారాలు స్తంభింపజేసిన లారీల ఆందోళనకు ఆయన మద్దతు పలకడమనీ, సరిహద్దుల మార్పు అనీ. అవన్నీ నిజమే కావచ్చును. కాని నా కంటికి కనిపించినది రిచ్‌మండ్ బాటమీద మూడుమార్లు తట్టిన ఆ తలుపు.

తుదిఫలితం చూడండి. లిబరల్ పార్టీకి నూటికి 43.8 ఓట్లు, 169 స్థానాలు. ఆధిక్యానికి మూడు తక్కువ. కన్సర్వేటివులకు 41.3 ఓట్లు, 144 స్థానాలు. క్విబెక్ రాష్ట్రంలో మాత్రమే పోటీచేసే బ్లాక్ కెబెక్వాకు 6.3 ఓట్లు, 22 స్థానాలు. న్యూ డెమోక్రటిక్ పార్టీకీ అదే 6.3, స్థానాలు 7. ఒకే కొలత బియ్యం ఒకరి ఇంట ఇరవైరెండు విస్తళ్ళకూ, ఇంకొకరి ఇంట ఏడు విస్తళ్ళకూ సరిపోయినదంటే, లోపం బియ్యంలోనిది కాదు గదా. సభలో గుర్తింపు పొందుటకు పన్నెండుమంది కావాలి. ఆ పార్టీకి అదీ దక్కలేదు. నాయకుడు జగ్‌మీత్ సింగ్ తన స్థానమూ పోగొట్టుకొని నాయకత్వం వదులుకొన్నాడు. నర్సు వంటివారు ఎందరు భయంతో తమ మనస్సును ఇంట వదలి పోలింగుకు వెళ్ళారో ఆ 6.3లో కనిపించదు.

నా పక్షమేదని అడిగితే నేను దాచను. ఓడినవారి ఓటుకు కూడ సభలో చోటుండాలనేవారి పక్షం నాది. 1955లో మా ఇంట అన్నం తినని ఆ రాత్రినుండి నాది అదే పక్షం. ఓట్ల నిష్పత్తిని బట్టి స్థానాలు పంచే దామాషా పద్ధతి వస్తే గడపగడపకూ నడిచే అభ్యర్థి మాయమై, పార్టీ కార్యాలయంలో రాసిన జాబితా మిగులుతుందని కొందరు భయపడతారు. ఆ భయం తోసిపుచ్చదగినది కాదు; ఫాంజోయ్ రెండేళ్ళ నడకను చూచినవాడిని, దాని విలువ నాకు తెలుసు. అయితే ఆ రెండూ ఒకదానినొకటి తరుముకొనవలసిన పని లేదు. జర్మనీలోను, 1996 నుండి న్యూజీలాండులోను ఓటరుకు రెండు ఓట్లు: ఒకటి తన గడప తొక్కిన మనిషికి, రెండవది తన మనస్సుకు నచ్చిన పార్టీకి. ఆ రెండవ ఓటే ఉండి ఉంటే ఆ నర్సు కిటికీలోంచి పలకను అట్లా చూడవలసిన అవసరం ఉండేది కాదు. 2019లో, 2021లో రైతుకు కలిగిన బాధకు కూడ అందులోనే కొంత ఔషధమున్నది. ఎవరు గెలిచినప్పుడు వారు ఈ మార్పును వాయిదా వేయడం, ఓడినప్పుడు వాపోవడం, రెండు మహాపక్షాలకూ ఉన్న దోషం. మన దేశంలోని పార్టీలూ అందుకు మినహాయింపు కావు.

మే నెల మొదటి దినాలలో స్టిట్స్‌విల్ వీధిలో మళ్ళీ నడిచాను. ఒక లిబరల్ కుర్రవాడు ఎర్రపలకలను కారు వెనుకభాగంలోనికి ఎత్తుతున్నాడు. మాకు కాఫీ ఇచ్చిన ఆ నడివయస్సువాడు ముంగిట తన నీలిపలకను ఊపి ఊపి పీకుతూ, అది రాకపోతే ఆ కుర్రవాణ్ణే కేక వేసి పిలిచాడు. ఇద్దరూ కలిసి లాగారు. నర్సు తన నారింజపలకను అప్పటికే తీసి, మెట్లమీద కూర్చుని తడిగుడ్డతో దానిమీది బురద తుడుస్తున్నది. ఓటమి గురించి ఆమె ఏమీ మాట్లాడలేదు. పలక రెండవ కొసను నన్ను పట్టుకొమ్మన్నది. ఇద్దరమూ దాన్ని గారేజీలోనికి తీసుకొనిపోయి, మంచుపారల వెనుక గోడకు ఆనించాము. తిరిగి వచ్చి ఆమె ముంగిట తీగకాళ్ళు దిగిన రెండు గుంతలలో గుప్పెడు మట్టి పోసి, పైన పచ్చికవిత్తులు చల్లి, అరచేతితో మెల్లగా అదిమినది.